కొసరు ఖరీదు

కూరగాయల బజారులో మనం ధర అడగకుండా తీసుకునేది కొత్తిమీర ఒక్కటే. వంకాయలు ఒక్కొక్కటీ తిప్పి చూసి ఏరుకుంటాం, బెండకాయ కొస విరిచి చూస్తాం, టమాటాకి అయిదు రూపాయలు తగ్గించమంటాం. అన్నీ తూయించుకుని, డబ్బులిచ్చి, సంచీ భుజాన వేసుకోబోతూ ఆగి, "కాస్త కొత్తిమీర పడెయ్యమ్మా" అంటాం. ఆ మాటలో అడగడం కన్నా అధికారమే ఎక్కువ.

ఆ కొసరులో కరివేపాకు కూడా పడుతుంది గానీ, రెండింటినీ ఒక గాటన కట్టకూడదు. కరివేపాకు చెట్టు ఒకసారి పెరట్లో నిలదొక్కుకుంటే నాటినవాడు పోయినా ఆకు ఇస్తూనే ఉంటుంది. కొత్తిమీరకి ఆ ఓపిక లేదు. చల్లిన నెల, నెలా అయిదు రోజులకి కోతకొస్తుంది. మరో రెండు వారాల్లో పూతకాడ లేస్తుంది. ఆ తర్వాత దాని ధ్యాసంతా గింజ మీదే. ఇవాళ మన సంచిలో ఊరికే పడిన రెండు రెమ్మల కోసం ఎవరో నెల కిందట లెక్క చూసుకుని ధనియాలు చల్లారు. వచ్చే వారం పడబోయే రెమ్మల కోసం ఆ తర్వాతి వారం మళ్లీ చల్లారు. బజారులో కొత్తిమీర ఎప్పుడూ ఉంటుందని మనం ధీమాగా ఉండటానికి కారణం, ఎక్కడో ఎవరో ఒకరు ఎప్పుడూ చల్లుతూ ఉండటమే.

మా పార్వతీపురం బజారుకి పొద్దున్నే వచ్చే ఆకుకూరల గంపలు చుట్టుపక్కల పల్లెలవి. తోటకూర, గోంగూర, బచ్చలి, వాటి మీద తడిగుడ్డ కప్పిన కొత్తిమీర. కట్టలో వేళ్లు కూడా ఉంటాయి, వేళ్లకి మట్టి ఉంటుంది. పట్నాల్లో ఈ మట్టిని చూసి మొహం చిట్లిస్తారు గానీ, వేరుతో పీకిన కట్టే మధ్యాహ్నం దాకా వాడకుండా నిలుస్తుంది. శ్రావణంలో ఒకనాడు ముసురు పట్టి ఉంది, కట్ట సగానికి సగం అయిపోయింది, ధర రెండింతలైంది. ఇదేమిటని అడిగితే గంప దగ్గరున్న ఆవిడ, "వానకి మడంతా కుళ్లిపోనాది బాబూ. ఈ మాత్రం దొరకడమే గొప్ప. ఒక మడి పీకిన్నాడే ఇంకో మడి జల్లాల. నేపోతే పై నెల మీకేటిత్తాను?" అంది. ఇంట్లో కొత్తిమీర ఎలా పెంచాలి అని వచ్చే వ్యాసాలన్నిట్లో లేని సూత్రం ఆ చివరి రెండు మాటల్లో ఉంది.

ఆ వ్యాసాలు మొక్క గురించి చెబుతాయి. మట్టి పాళ్లు, కుండీ లోతు, నీళ్లు, ఎండ. అవన్నీ కావలసినవే. కానీ కొత్తిమీర పెంచడం వేరు, కొత్తిమీర ఇంట్లో ఎప్పుడూ ఉండేలా చూసుకోవడం వేరు. మొదటిది ఎవరికైనా వస్తుంది. ఉత్సాహంగా ఒక పెద్ద తొట్టి నిండా చల్లుతారు, నెలకి తొట్టి కళకళలాడుతుంది, ఫొటో తీస్తారు, ఇరుగుపొరుగుకి పంచుతారు, పచ్చడి చేస్తారు, ఆ పక్షం గడిచాక తొట్టిలో ఎండుకాడలు మిగులుతాయి. మళ్లీ బజారు, మళ్లీ కొసరు. తప్పు మొక్కది కాదు, తొట్టిదీ కాదు. ఒకేసారి అంతా చల్లేశారు, అంతే.

నిలకడగా ఉండే వస్తువు అంటే చావనిది అని మనకో భ్రమ. మర్రిచెట్టు, ఊరి చెరువు, పెన్షను. కొత్తిమీర విషయంలో నిలకడ అనేది మొక్కలో లేదు, చల్లడంలో ఉంది. విశాఖ నుంచి రాయగడకి రోజూ బండి ఉందంటే ఒకే బండి మన స్టేషన్లో నిలబడి ఉందని కాదు కదా, ఒకటి వెళ్లిపోతుంటే దాని వెనకది బయలుదేరుతోందని. కుండీలూ అంతే. ఒకటి మొలక, ఒకటి రెండాకులు, ఒకటి జానెడు, ఒకటి కోతలో, ఒకటి పూతలో. అన్నీ ఒకే రోజున పచ్చగా, నిండుగా కనిపించే డాబా చూడ్డానికి బాగుంటుంది గానీ, దాన్ని నమ్ముకుని చారు పెట్టలేం.

లెక్క పెద్దదేం కాదు. చల్లాక మొలకకి వారం నుంచి రెండు వారాలు. ఆ తర్వాత మూడు వారాల్లో ఆకు కోయొచ్చు. కోత మొదలయ్యాక పది పదిహేను రోజులు వాడుకోవచ్చు. కాబట్టి పది రోజులకొకసారి ఒక చిన్న కుండీ చల్లుతూ పోతే, ఏ రోజు చూసినా నాలుగైదు కుండీలు తలొక వయసులో ఉంటాయి. నలుగురున్న ఇంటికి అది చాలు. పెద్ద తొట్టి ఒకటి కన్నా, జానెడు లోతున్న చిన్నవి అయిదు మేలు. కొత్తిమీరది తల్లివేరు, నిలువుగా దిగుతుంది. అందుకే దీనికి నారు పోసి నాటే పద్ధతి పనికిరాదు. పీకి మరో చోట పెడితే అలిగి పూతకి పోతుంది.

ఇక ధనియం. వంటింట్లో రోజూ చూసేదే గానీ నిదానంగా చూడం. ఒక ధనియాన్ని గోటితో నొక్కితే రెండు బద్దలవుతుంది, ఒక్కో బద్ద లోపలి వైపు కాస్త గుంటగా ఉంటుంది. మనం విత్తనం అనుకునేది నిజానికి కాయ. ఒక్కో బద్దా ఒక విత్తనం, ఒక్కో దానికీ ఒక మొక్క. అందుకే వ్యవసాయశాఖ వాళ్లు ధనియాలను రెండు బద్దలు చేసి విత్తమంటారు. పాత గుడ్డ మీద పోసి అప్పడాల కర్రతో ఒత్తీ ఒత్తనట్టు దొర్లిస్తే చాలు. పొడి అయ్యేంత బలం చూపించనక్కర్లేదు. ఆ రాత్రి నీళ్లలో నానబెట్టి, మర్నాడు నీడన ఆరనిచ్చి, అర అంగుళం లోతున వేసి, పైన పలచగా గెత్తం జల్లి తడపాలి. తొలుత సన్నగా, పొడుగ్గా రెండాకులు వస్తాయి. చూస్తే గడ్డి మొలిచిందేమో అనిపిస్తుంది, చాలామంది కలుపనుకుని పీకేస్తారు. గుండ్రంగా, అంచులు చీలి మూడో ఆకు వచ్చాక గానీ కొత్తిమీర అని నమ్మకం కుదరదు. ఆ ఆకుని వేళ్ల మధ్య నలిపితే అప్పటికే వాసన ఉంటుంది.

ఆ వాసన గురించి రెండు ముక్కలు. దానికి మూలం ఆల్డిహైడ్లనే పదార్థాలు. సబ్బుల్లోనూ, కంపుకొట్టే నల్లులు వదిలే ద్రవంలోనూ ఉండేవి ఆ కోవవే. కొందరికి కొత్తిమీర నోట్లో పెట్టుకుంటే సబ్బు నమిలినట్టు ఉంటుందట. దానికీ, వాసన పట్టే ఒక జన్యువుకీ సంబంధం ఉందని 2012లో పరిశోధకులు తేల్చారు. మన దక్షిణాసియా వాళ్లలో అలాంటివారు తక్కువ. అయినా ఏ పెళ్లి భోజనంలోనో సాంబారులో కొత్తిమీర ఏరి ఆకు పక్కన పెట్టేవారు ఒకరిద్దరు కనిపిస్తారు. వాళ్లని వెటకారం చెయ్యకండి, వాళ్ల ముక్కు వాళ్లది.

ఈ మొక్క మన పెరటిదనిపించినా చాలా దూరాలు తిరిగినది. ఈజిప్టు రాజు టుటంఖామున్ సమాధిలో ధనియాలు దొరికాయి. ఇప్పుడు దేశంలో ధనియాల పెద్ద మార్కెట్ రాజస్థాన్‌లోని రామ్‌గంజ్ మండీ. మన రాష్ట్రంలో అయితే కర్నూలు, కడప, అనంతపురం, ప్రకాశం వైపు నల్లరేగడి నేలల్లో రబీలో వానాధారంగా పండిస్తారు. గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం వాళ్లు సాధన, స్వాతి, సింధు లాంటి రకాలు ఇచ్చారు. అవి ప్రధానంగా గింజ కోసం ఎంచిన రకాలు. ఇందులో మన కుండీకి సంబంధించిన సంగతి ఒకటుంది. కిరాణా కొట్టు ధనియాలు ఎక్కువగా గింజ కోసం పండించిన పంటవి, తొందరగా పూతకి రావడం వాటి గుణం. రైతుకి అది లాభం, మనకి నష్టం. ఆకు కోసం ఎంచిన రకాలు వేరే ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా ఇషా ఆలస్యంగా పూతకొస్తుంది, రెండు మూడు కోతలిస్తుంది. చలికాలంలో కిరాణా ధనియాలు సరిపోతాయి. చలి తగ్గే కొద్దీ ఆకు రకం వేసుకున్నవాళ్లకే ఇంకో నెల కలిసొస్తుంది.

చలి అన్నాను. అసలు విషయం అక్కడే ఉంది. కొత్తిమీర చల్లటి కాలపు మొక్క. పగలు పెరిగి, ఎండ ముదిరిందంటే ఇక తన రోజులు దగ్గర పడ్డాయనుకుంటుంది. ఆకులేయడం మానేసి నిట్టనిలువుగా కాడ తీస్తుంది. కింది ఆకులు విసనకర్రల్లా వెడల్పుగా ఉన్న మొక్కకే పైన దారప్పోగుల్లాంటి ఆకులు వచ్చాయంటే పూత దగ్గరకొచ్చినట్టు. ఆ దశలో ఎన్ని నీళ్లు పోసినా, ఏ ఎరువు వేసినా, కాడ తుంచినా వెనక్కి రాదు. పార్వతీపురంలో డిసెంబరు పగలు 11 గంటలు, జూన్ పగలు 13 గంటలకి పైనే. మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ముప్ఫై దాటితేనే ధనియం మొలవడానికి మొరాయిస్తుంది.

కాబట్టి మన ఊళ్లో కొత్తిమీర ఏడాది ఇలా నడుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. మొక్క మొలుస్తుంది, కుళ్లుతుంది. చినుకు దెబ్బకి మట్టి ఎగిరి ఆకుకి అంటుకుంటే అక్కడే మచ్చ మొదలు. వాన నేరుగా పడని చూరు కింద, నీరు నిలవని కుండీలో కొద్దికొద్దిగా వేసుకుంటే ఎంతో కొంత వస్తుంది. అక్టోబరుని నమ్మలేం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. డాబా మీద కుండీలున్నవాళ్లకి ఆ నెలలో ఆకాశమే పంచాంగం. దీపావళి వెళ్లాక అసలు కాలం మొదలవుతుంది. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఈ నాలుగు నెలల్లో చల్లినది చల్లినట్టు వస్తుంది, చేతకానివాడి కుండీ కూడా పచ్చగా ఉంటుంది. మార్చిలో సాయంత్రపు నీడ వెతకాలి. ఏప్రిల్లో నీడవల కట్టాలి. అప్పటికీ వచ్చేది కాడే ఎక్కువ.

మే నెల మాటేమిటి అంటారు. మే నెలలో వద్దు. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిదే. ఏడాది పొడుగునా ఇంట్లో కొత్తిమీర కావాలనే కోరిక పట్నం సూపర్ మార్కెట్ నేర్పిన దురలవాటు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నీడవల కట్టి, రోజుకి రెండుసార్లు నీళ్లు పోసి, గోనెలు తడిపి కప్పి, నెల తర్వాత గుప్పెడు ఆకు కోసి గెలిచాననుకోవడం నీటికి నష్టం, మనిషికి అలసట. మే నెలలో చారుకి కరివేపాకు ఉంది. పచ్చడికి పుదీనా ఉంది, తడీ నీడా ఉంటే పుదీనా ఎండాకాలం లాగేస్తుంది. వంకాయ కూరకి మన వైపు ఆవపెట్టడం ఉంది, నువ్వుపొడి ఉంది. వాటి మీద కొత్తిమీర జల్లకపోతే ఎవరూ భోజనం మానరు. వంకాయ కొత్తిమీర కారం జనవరిలో తినవలసిన కూర. లేత వంకాయలూ, లేత కొత్తిమీరా ఒకేసారి దొరికే కాలం అదే.

తప్పదనుకునేవాళ్లకి ఇంకో మొక్క ఉంది. పొడుగాటి ఆకు, అంచున రంపపు పళ్లు, వాసన కొత్తిమీరదే గానీ ఇంకా ఘాటు. ఈశాన్య రాష్ట్రాల్లో బాగా వాడతారు. అండమాన్‌లో బర్మా ధనియా అంటారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్లకి ఇది తెలిసిన ఆకే. పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. వేడికీ తేమకీ తట్టుకుంటుంది, నీడలో మరీ బాగుంటుంది, ఆకు గిల్లిన కొద్దీ ఇస్తుంది. కొత్తిమీర మానేసే నెలల్లో పని చేసే మొక్క ఇది. మొక్క సంపాదించడమే కష్టం. ఒకసారి దొరికితే పెరటి మూల అరటి నీడన పెట్టి మర్చిపోవచ్చు.

కొండ మీద కథ వేరు. పార్వతీపురం దాదాపు మైదానంలో ఉంది. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన. అంత ఎత్తుకి నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది. మనకి కాడ లేచే మార్చిలో అక్కడ ఆకు ఉంటుంది. చలికాలంలో వలిసె పూలు చూడటానికి అరకు వెళ్లేవాళ్లు ఆ పసుపు పొలాల ముందు ఫొటోలు దిగి వచ్చేస్తారు, పక్కనున్న కూరమళ్ల వైపు చూడరు. చూస్తే తెలుస్తుంది, ఒకే చెక్కలో అయిదారు రకాలు కలిపి ఉంటాయి. మా తోటపల్లి దగ్గర జట్టు ట్రస్టు వాళ్లు ప్రచారం చేసిన 36 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు చెక్కలోని ఆలోచన కూడా ఇదే. ఒక కుటుంబానికి కావలసిన పళ్లు, కూరలు, దుంపలు, ఆకులు వరస కట్టి ఎప్పుడూ ఏదో ఒకటి చేతికి వచ్చేలా ఉంచడం. రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పేరుతో జరుగుతున్న పని 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ బహుమతి పంచుకుందంటే, దాని వెనుక ఇలాంటి చెక్కలున్నాయి. అక్కడ కొత్తిమీర తెంపులేకుండా ఉండాలని ఎవరూ పట్టుబట్టరు. అది పోయే వేళకి బచ్చలి అల్లుకుంటుంది, బచ్చలి ముదిరే వేళకి గోంగూర వస్తుంది. కోతకి ఆకు ఉంటే చాలు, అదే ఆకు కానక్కర్లేదు.

ఈ లెక్కలన్నీ తెలిశాక బజారులో ఆ కొసరు అడగడానికి నోరు రాదు. అయిదు కుండీల తేదీలు గుర్తు పెట్టుకోవడానికే నాకు గోడ మీది క్యాలెండరు కావాలి. గంపావిడకి కాగితం లేదు, గడియారం లేదు, పదిరోజులకో మడి ఏ ఏటికా ఏడు తప్పకుండా చల్లుతుంది. ముసురు పడితే మొత్తం పోతుంది, ఎవరూ నష్టపరిహారం రాయరు. వరికి బీమా ఉంది, కొత్తిమీర మడి ఎవరి లెక్కల్లోనూ లేదు. ఇంట్లో పెంచుకోవడం వల్ల నెలకి మిగిలే డబ్బు చెప్పుకోదగ్గది కాదు. పెంచినవాడికి ధర అర్థమవడం మాత్రం చెప్పుకోదగ్గదే. వానాకాలంలో కట్ట ముప్ఫై రూపాయలంటే అది దోపిడీ కాదు. చలికాలంలో అయిదుకి ఇవ్వడమే అన్యాయం.

ఇక పని మాట. దీపావళి వెళ్లిన వారంలో మొదటి కుండీ చల్లండి. కుండీ మీద తేదీ రాయండి, సుద్దముక్క చాలు. పదో రోజున రెండోది, ఇంకో పది రోజులకి మూడోది. మొదటిది బాగా మొలిచింది కదా అని రెండోది ఆపకండి, మొదటిది మొలవలేదని కూడా ఆపకండి. కోసేటప్పుడు పక్క ఆకులు కోసి నడిమి చిగురు వదిలేస్తే ఇంకో కోత వస్తుంది. కోసిన ఆకు కడిగి దాచకండి, పొడిగుడ్డలో చుట్టి పెట్టి వాడుకునే ముందు కడగండి. పేనుబంక పడితే చేతికందిన మందు కొట్టకండి, ఆ ఆకు మీరే తినాలి. నీటితో జోరుగా కడిగి, మరీ పట్టిన మొక్క పీకేయండి.

జనవరి మొదట్లో చల్లిన కుండీని కొయ్యకుండా వదిలేయండి. ఫిబ్రవరిలో గొడుగుల్లాంటి తెల్లపూల గుత్తులు వస్తాయి, వాటి మీద తేనెటీగలు వాలతాయి. ఆకుపచ్చ గింజలు కొన్ని చట్నీలో వేసి చూడండి, ఆకుకీ ధనియానికీ నడుమ ఉండే రుచి అది, ఏ కొట్లోనూ అమ్మరు. మిగిలినవి మార్చి చివరికి గోధుమరంగుకి తిరుగుతాయి. గుత్తులు కోసి నీడన ఆరబెట్టి, దులిపి, గుడ్డసంచిలో కట్టి, సంవత్సరం రాసి అటక మీద పెట్టండి. మళ్లీ దీపావళికి కిరాణా కొట్టుకి వెళ్లక్కర్లేదు, ఆ సంచీ దించుకుంటే సరిపోతుంది.